కౌంటరు చిన్నది, గోదాము పెద్దది

మూలనపడ్డ ల్యాప్‌టాప్‌లకు ఢిల్లీ నెహ్రూ ప్లేస్ మళ్లీ ఊపిరి పోస్తుంది. చిన్న ఎస్ఎస్‌డీకి, పాత హార్డ్‌డిస్క్‌కి ఒకే గూటిలో కాపురం కుదర్చడం అక్కడి విద్య.

దక్షిణ ఢిల్లీలో కాల్కాజీ అమ్మవారి గుడికి, తామరపువ్వు ఆకారంలో ఉండే బహాయీ మందిరానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో మరో పుణ్యక్షేత్రం ఉంది. ఇక్కడికి వచ్చే భక్తుల చేతుల్లో కొబ్బరికాయలుండవు. వీపున ల్యాప్‌టాప్ సంచులుంటాయి. మొక్కు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: ‘ఇది బాగా స్లో అయిపోయింది, ఏదైనా చేయండి.’ ఆ క్షేత్రం పేరు నెహ్రూ ప్లేస్.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి దిగిన తెలుగువారికి ఈ బజారు తీరు కొత్తగా అనిపించదు. మనం సీటీసీ అని పిలుచుకునే ఆ భవనం, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు, ముంబైలోని లామింగ్టన్ రోడ్డు, అన్నీ ఒక తాను గుడ్డలే. వాటిలో పెద్దన్న నెహ్రూ ప్లేస్. పీహెచ్‌డీ థీసిస్ సగంలో ఉన్న పరిశోధక విద్యార్థి, సివిల్స్‌కు చదువుకుంటున్న కుర్రాడు, ఇంట్లోనే ఖాతాలు రాసే అకౌంటెంటు, పిల్లల చదువు కోసం పాత యంత్రాన్ని దులిపి తెచ్చిన తండ్రి, అందరూ ఇక్కడ తారసపడతారు. కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేక కొందరు, ఉన్నా పాతదాన్ని వదులుకోవడం ఇష్టం లేక మరికొందరు.

1962లో అమల్లోకి వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్, వ్యాపారమంతా పాత కేంద్రాల్లోనే కిక్కిరిసిపోకుండా నగరంలో పలుచోట్ల జిల్లా వాణిజ్య కేంద్రాలు ఉండాలని తలపెట్టింది. ఆ ఆలోచనతో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కట్టినవాటిలో ఇది ఒకటి. అటూ ఇటూ నాలుగంతస్తుల కాంక్రీటు భవనాలు, మధ్యలో వాహనాలు తిరగని విశాలమైన ఆవరణ, దాని అడుగున కార్ల పార్కింగు. ఆఫీసుల కోసమని కట్టిన ఈ కేంద్రంలోకి కంప్యూటర్లు ఎప్పుడు చొరబడ్డాయో గానీ, దేశంలో నెహ్రూ ప్లేస్ అంటే కంప్యూటర్ అనే అర్థం స్థిరపడిపోయింది. బట్టల దుకాణాలు కూడా ఇక్కడ తక్కువేమీ కాదు. ఒక వరుసలో పెళ్లి పట్టు, పక్క వరుసలో ర్యామ్, కీబోర్డు. రెండుచోట్లా బేరం తప్పదు.

2010 అక్టోబరులో మెట్రో వయొలెట్ లైన్ వచ్చాక ఇక్కడికి రావడం సులువైంది. స్టేషన్ మెట్లు దిగి ఆవరణలో అడుగుపెట్టగానే పిలుపులు మొదలవుతాయి. ‘భయ్యా, క్యా చాహియే? చార్జర్? బ్యాటరీ? రిపేర్?’ ఇరవయ్యేళ్ల క్రితం ఇదే చోట వినిపించిన పిలుపు వేరు: ‘సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్’. చేతిలో జాబితా పట్టుకుని, అడిగినదాన్ని క్షణాల్లో ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చే దొంగ సీడీల కుర్రాళ్లవి ఆ గొంతులు. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం విడుదల చేసే పేరుమోసిన నకిలీ బజార్ల జాబితాల్లోకి కూడా నెహ్రూ ప్లేస్ ఆ పుణ్యమా అనే ఎక్కింది. ఇంటర్నెట్ వేగం పెరిగి, సీడీ, డీవీడీలకు కాలం చెల్లాక ఆ కేకలు సద్దుమణిగాయి. ఆ డిస్కులు తిప్పిన డీవీడీ డ్రైవ్ మాత్రం పాత ల్యాప్‌టాప్‌ల పక్కటెముకలో అలాగే మిగిలిపోయింది. ఇప్పుడు నెహ్రూ ప్లేస్ మెకానిక్కు కన్ను పడేది ఆ ఖాళీ గది మీదే.

పళ్లెం తిరిగే లెక్క

ఇక్కడి చిన్న దుకాణాల్లో పాత ల్యాప్‌టాప్‌ను చూసిన వెంటనే చెప్పే మందు ఒక్కటే: ‘ఎస్ఎస్‌డీ వేయించండి.’ సాలిడ్ స్టేట్ డ్రైవ్ అనే మాటకు అది పొట్టిపేరు. రోగం ఏమిటో వినకముందే రాసే ఈ చీటీ చాలాసార్లు సరైనదే కావడం విశేషం. ఎందుకో తెలియాలంటే హార్డ్‌డిస్క్ లోపలికి తొంగిచూడాలి.

హార్డ్‌డిస్క్ అంటే అయస్కాంత పూత పూసిన పళ్లెం, దానిమీద కదిలే చిన్న చెయ్యి. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి డిస్క్ యంత్రంలో 50 పళ్లేలు కలిసి 50 లక్షల అక్షరాలను మోసేవి. తర్వాత పళ్లెం చిన్నదైంది, సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది. కానీ తిరగడం, వెతకడం అనే పద్ధతి మారలేదు. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌లో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 చుట్లు, ఒక్కో చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన అక్షరం చేతి కిందికి రావడానికి సగటున అరచుట్టు ఆగాలి. అది ఐదున్నర మిల్లీసెకన్లు. అంతకుముందు చెయ్యి సరైన వరుసకు జరగాలి. దానికి మరో పన్నెండు. వెరసి ఒక చిన్న ముక్క వెతికి తేవడానికి 17, 18 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ లెక్కన సెకనుకు అరవై ముక్కలకు మించి తేలేదు.

మనిషికి ఇది వేగమే. కంప్యూటర్‌కు మాత్రం నత్తనడక. ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడు విండోస్ అడిగేది ఒక పెద్ద ఫైలు కాదు, డిస్క్ నలుమూలలా చెదిరి ఉన్న వేలాది చిన్న ముక్కలు. చెయ్యి అటూ ఇటూ పరుగెడుతూ ఉంటుంది, మనం తెరవైపు చూస్తూ టీ తాగుతూ ఉంటాం. ప్రాసెసర్ చాలాసేపు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. పాత ల్యాప్‌టాప్ ముసలిదై నెమ్మదించిందని మనం అనుకుంటాం గానీ, ఎక్కువ సందర్భాల్లో ముసలితనం ఈ చేతిది.

ఎస్ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ ఉండదు. 1980లలో జపాన్‌లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా రూపొందించిన ఫ్లాష్ మెమరీ చిప్‌లే దాని సర్వస్వం. ఏ మూల ముక్క అడిగినా మిల్లీసెకనులో పదోవంతు అటూఇటూగా తెచ్చిపెడుతుంది. పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు తేడా మరీ అంత ఉండదు. హార్డ్‌డిస్క్ సెకనుకు 100 మెగాబైట్ల చుట్టుపక్కల ఇస్తే, పాత ల్యాప్‌టాప్‌లకు సరిపోయే సాటా రకం ఎస్ఎస్‌డీ 500 ఇస్తుంది. అంటే ఐదు రెట్లు. చిల్లర ముక్కల్లో మాత్రం తేడా వంద రెట్లు దాటుతుంది.

ఈ తేడాలోనే అసలు కిటుకు ఉంది. సినిమా చూడటానికి సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లు చాలు. దాన్ని ఎస్ఎస్‌డీలో పెట్టినా హార్డ్‌డిస్క్‌లో పెట్టినా కంటికి తేడా తెలియదు. పెళ్లి వీడియోలు, ఫొటోలు, పాత పాటలు ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, అరుదుగా పిలుపు అందుకుంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, రోజూ తెరిచే ప్రోగ్రాములు తక్కువ చోటులో సర్దుకుంటాయి, క్షణక్షణం పిలుపు అందుకుంటాయి. కాబట్టి యంత్రం మొత్తానికి పెద్ద ఎస్ఎస్‌డీ కొననక్కర్లేదు. రోజువారీ సరుకుకు చాలినంత చిన్నది ఉంటే, మిగతా బరువు పాత హార్డ్‌డిస్కే మోస్తుంది.

దుకాణమే పాఠం

ఈ సంగతి పుస్తకాల్లో చదవనక్కర్లేదు. నెహ్రూ ప్లేస్‌లో ఏ దుకాణం ముందైనా పావుగంట నిలబడితే చాలు. కౌంటరు నాలుగడుగులు. దాని వెనక గోడకు వేలాడేవి రోజుకు పదిసార్లు అడిగే వస్తువులే: మౌస్‌లు, చార్జర్లు, పెన్‌డ్రైవ్‌లు, రెండు మూడు రకాల ర్యామ్‌లు. పాత మోడల్ ల్యాప్‌టాప్ కీబోర్డు అడిగారనుకోండి. యజమాని లేదనడు. ‘దో మినిట్’ అంటాడు. ఒక కుర్రాడు జనంలోకి మాయమవుతాడు. పై అంతస్తులో గోదాముకో, వెనక భవనంలో మరో వ్యాపారి దగ్గరికో వెళ్లి, ఇరవై నిమిషాలకు వస్తువుతో ప్రత్యక్షమవుతాడు. అదే కీబోర్డు ఆ వారంలో మరో ముగ్గురు అడిగితే, నాలుగోది గోడమీద వేలాడుతూ కనిపిస్తుంది.

చిన్న చోటు దగ్గర, పెద్ద చోటు దూరం. తరచూ అడిగేది దగ్గరికి, అడగనిది దూరానికి. 1965లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ విల్క్స్, నెమ్మదిగా ఉండే పెద్ద మెమరీకి తోడుగా వేగంగా ఉండే చిన్న మెమరీని పెట్టవచ్చని ప్రతిపాదిస్తూ రాసిన వ్యాసంలో ఉన్నది ఈ సూత్రమే. ఇప్పుడు దాన్ని కాష్ అంటున్నాం. కిరాణా కొట్టు యజమానులు దానికి పేరేమీ పెట్టకుండానే తరతరాలుగా అమలు చేస్తున్నారు.

అయితే ఏది కౌంటరు మీద ఉండాలో ఎవరు నిర్ణయించాలి? యంత్రమా, మనిషా? దీని చుట్టూ కంప్యూటర్ కంపెనీలు దశాబ్దానికి పైగా ప్రయోగాలు చేశాయి. యంత్రమే నిర్ణయించాలన్నది మొదట్లో అందరి మాట. 2010లో సీగేట్ 500 గిగాబైట్ల హార్డ్‌డిస్క్ లోపలే 4 గిగాబైట్ల ఫ్లాష్ కలిపి మొమెంటస్ ఎక్స్‌టీ పేరుతో అమ్మింది. 2011లో ఇంటెల్ స్మార్ట్ రెస్పాన్స్ పేరుతో, 64 గిగాబైట్ల దాకా ఎస్ఎస్‌డీని హార్డ్‌డిస్క్‌కు కాష్‌గా వాడే ఏర్పాటు చేసింది. ఆ రోజుల్లో అల్ట్రాబుక్ అనే పలచని ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో 24, 32 గిగాబైట్ల బుల్లి ఎస్ఎస్‌డీలు ఇలాగే వచ్చాయి. 2012లో ఆపిల్ 128 గిగాబైట్ల ఫ్లాష్‌ను, ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్‌ను కలిపి ఫ్యూజన్ డ్రైవ్ అంది. 2013లో లినక్స్ కెర్నల్‌లోకి కూడా ఇలాంటి సదుపాయాలు చేరాయి. 2017లో ఇంటెల్ 16, 32 గిగాబైట్ల ఆప్టేన్ ముక్కలు తెచ్చింది, 2022లో ఆ వ్యాపారానికే మంగళం పాడింది. ఎస్ఎస్‌డీలు చవకయ్యాక ఫ్యూజన్ డ్రైవ్ కూడా ఆపిల్ కంప్యూటర్ల నుంచి తప్పుకుంది.

ఈ కథలో థాయ్‌లాండ్ వరదలకూ ఒక పాత్ర ఉంది. 2011 చివర్లో బ్యాంకాక్ ఉత్తరాన పారిశ్రామిక వాడలు నీట మునిగినప్పుడు వాటిలో వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ప్రపంచమంతటా హార్డ్‌డిస్క్‌ల కొరత ఏర్పడి ధరలు ఆకాశాన్నంటాయి. ఉన్న డిస్క్‌ను పారేయకుండా కాపాడుకోవడం ఎంత అవసరమో విడిభాగాల బజార్లకు అప్పుడు గట్టిగా తెలిసివచ్చింది. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ పుణ్యమా అని మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకినప్పుడు అదే పాఠం తిరగబడి వచ్చింది. ఈసారి ఎస్ఎస్‌డీని పొదుపుగా వాడుకోవలసి వచ్చింది.

కంపెనీలు పేర్లు మార్చి ప్రయత్నించినవి ఒక్కొక్కటే తప్పుకున్నా, నెహ్రూ ప్లేస్ పద్ధతి మాత్రం నిలిచింది. ఆ పద్ధతిలో మాయ లేదు. రెండు డ్రైవ్‌లు విడివిడిగా ఉంటాయి, ఒకటి సి, ఇంకొకటి డి. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించేది యజమానే.

బల్ల మీద శస్త్రచికిత్స

పని చూడటానికి సరదాగా ఉంటుంది. ముందు బ్యాటరీ ఊడదీస్తారు. అడుగున మరలు విప్పి పాత హార్డ్‌డిస్క్‌ను బయటికి లాగుతారు. అరచేతిలో పట్టే రెండున్నర అంగుళాల ఇనుప డబ్బా అది. ఎస్ఎస్‌డీ కూడా అదే కొలతలో, అదే సాకెట్‌తో దొరుకుతుంది కాబట్టి ఆ గూటిలో సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత డీవీడీ డ్రైవ్ వంతు. చాలా మోడళ్లలో ఒక్క మర విప్పితే అది సొరుగులా జారి వస్తుంది. దాని స్థానంలోకి వెళ్లేది కేడీ అనే ప్లాస్టిక్ లేదా రేకు చట్రం. దాని లోపల పాత హార్డ్‌డిస్క్‌ను బిగించి, డీవీడీ డ్రైవ్ మూతిని ఊడదీసి కేడీకి తగిలిస్తే బయటికి తేడా తెలియదు.

ఇక్కడ తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా రెండుచోట్ల బయటపడుతుంది. ఒకటి, కేడీ మందం. పాత ల్యాప్‌టాప్‌లకు 12.7 మిల్లీమీటర్లు, పలచనివాటికి 9.5. కొలవకుండా కొంటే తిరిగి క్యూలో నిలబడాలి. రెండు, ఎవరు ఏ గూటిలో ఉండాలన్నది. హార్డ్‌డిస్క్‌ను దాని చోటే వదిలేసి ఎస్ఎస్‌డీని కేడీలో పెట్టడం సులువు. కానీ కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్‌కు వేసిన దారి నెమ్మది. అటువైపు నుంచి విండోస్ మొదలుపెట్టడానికి మొండికేసేవీ ఉన్నాయి. అందుకే వేగం కలది అసలు గూటిలో, బరువు మోసేది పక్క గదిలో ఉండటం మేలు. కాస్త కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ గది ఉండదు గానీ, చూయింగ్‌గమ్ బిళ్లంత ఎస్ఎస్‌డీ పట్టే ఎం.2 అనే సాకెట్ ఉంటుంది. ఆ సాకెట్‌లోనూ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు భాషలున్నాయి. ల్యాప్‌టాప్‌కు ఏ భాష వచ్చో అడిగి తెలుసుకున్నాకే డబ్బు తీయాలి.

ఆ తర్వాత విండోస్ లేదా లినక్స్ కొత్తగా ఎక్కిస్తారు. లేదంటే పాత డిస్క్‌లోని వ్యవస్థను యథాతథంగా ఎస్ఎస్‌డీలోకి దించుతారు. డాక్యుమెంట్లు, ఫొటోలు, డౌన్‌లోడ్‌ల ఫోల్డర్లను డి డ్రైవ్‌కు మళ్లించడానికి విండోస్‌లోనే వీలుంది. ఈ ఒక్క పని చేయకపోతే ఆరు నెలల్లో చిన్న ఎస్ఎస్‌డీ నిండిపోతుంది, మళ్లీ నెమ్మదిస్తుంది. పదో వంతైనా ఖాళీ ఉంచమని అనుభవజ్ఞులు చెబుతారు. ఫ్లాష్ మెమరీకి సర్దుకోవడానికి కాస్త జాగా కావాలి.

చప్పుడు లేని చావు

బేరం మాటల హడావిడిలో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. హార్డ్‌డిస్క్ చాలాసార్లు చెప్పి చస్తుంది. టక్ టక్ మని చప్పుడు చేస్తుంది, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తుంది, హెచ్చరిక ఇస్తుంది. ఆ వ్యవధిలో ముఖ్యమైనవి బయటికి లాగవచ్చు. డేటా రికవరీ చేసేవారు కూడా దానితో ఎంతో కొంత కుస్తీ పట్టగలరు. ఎస్ఎస్‌డీకి అలాంటి మర్యాద తక్కువ. నిన్న పరుగెత్తిన డ్రైవ్ ఇవాళ కంప్యూటర్‌కు కనిపించకుండా పోవచ్చు. పైగా ఎస్ఎస్‌డీలో చెరిపిన ఫైలును తిరిగి తేవడం కష్టం. ఖాళీ అయిన చోటును వెంటనే శుభ్రం చేసుకోవడం దాని స్వభావం.

అందుకే రెండు డ్రైవ్‌లు ఉన్నాయి కదా అని ధీమా పడకూడదు. సి డ్రైవ్‌లో ఉన్న థీసిస్‌కు డి డ్రైవ్‌లో నకలు ఉంటే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది. నకలు లేకపోతే రెండు డ్రైవ్‌ల యంత్రం ఒక డ్రైవ్ యంత్రమంత ప్రమాదకరమైనదే. ఫ్యూజన్ లాంటి కలగలుపు పద్ధతుల్లో పరిస్థితి ఇంకా సున్నితం. రెండూ కలిసి ఒకే డ్రైవ్‌గా కనిపిస్తాయి కాబట్టి ఏది పోయినా మొత్తం పోతుంది. ఇంటెల్ పద్ధతిలో కూడా గరిష్ఠ వేగం కోరుకుంటే కొత్త రాతలు ముందు ఎస్ఎస్‌డీలో పడి, తర్వాత తీరిగ్గా హార్డ్‌డిస్క్‌కు చేరేవి. ఈ మధ్యలో ఎస్ఎస్‌డీ కన్నుమూస్తే ఆ రాతలు గాలిలో కలిసినట్టే. దుకాణం భాషలో చెప్పాలంటే, కౌంటరు దగ్గర వసూలైన డబ్బు గోదాము ఖాతాలో ఎక్కకముందే పోవడం. ఇక ల్యాప్‌టాప్ మొత్తం దొంగల పాలైతే ఏ డ్రైవ్ అయినా ఒకటే. మూడో నకలు ఇంట్లో బీరువాలో ఒక బయటి డ్రైవ్‌లో ఉండాలి.

ఇంకో జాగ్రత్త నెహ్రూ ప్లేస్‌కే కాదు, ఏ బజారుకైనా వర్తిస్తుంది. ఎస్ఎస్‌డీ డబ్బా లోపల పెన్‌డ్రైవ్ చిప్ అతికించి అమ్మే నకిలీలు లోకంలో ఉన్నాయి. కంప్యూటర్ తెరమీద టెరాబైట్ అని చూపించి, నిజానికి అందులో పిసరంత మాత్రమే నిలవుంచేవీ ఉన్నాయి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం, దాన్ని అక్కడికక్కడే కంపెనీ వారంటీ పేజీలో సరిచూడటం మొహమాటపడాల్సిన పనులు కావు. పాత డ్రైవ్‌ను పూర్తిగా మార్చేసిన సందర్భంలో దాన్ని తిరిగి అడిగి తెచ్చుకోవాలి. ‘ఇది పనికిరాదు సార్, మేం పారేస్తాం’ అన్న మాట మర్యాదగా కాదనాలి. అందులో ఆధార్ కార్డు నకలు ఉంటుంది, బ్యాంకు కాగితాలు ఉంటాయి, ఇంటి ఆడవాళ్ల ఫొటోలు ఉంటాయి. యంత్రానికి పనికిరాని డిస్క్ వేరొకరి చేతిలో బాగానే పనికిరావచ్చు.

యమున అవతల

నెహ్రూ ప్లేస్‌లో ఇక లాభం లేదని తేలిన యంత్రాలు ఎక్కడికి పోతాయి? అదే నగరంలో, యమునకు అవతలి ఒడ్డున సీలంపూర్ ఉంది. 2002 డిసెంబరులో మొదలైన ఢిల్లీ తొలి మెట్రో మార్గంలో అదొక స్టేషన్. దేశంలో పాత ఎలక్ట్రానిక్ సామాను విడగొట్టే అనధికార కేంద్రాల్లో పేరుమోసింది. తీగల మీది ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీయడం, సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచి లోహాలు రాబట్టడం అక్కడి ఇరుకు సందుల్లో చాలా కుటుంబాలకు జీవనాధారం. ఆ పొగ పీల్చేదీ వారే. ఎలక్ట్రానిక్ వ్యర్థాల కోసం కేంద్రం 2011లో, 2016లో, మళ్లీ 2022లో నిబంధనలు జారీ చేసింది. తయారుచేసిన కంపెనీయే వ్యర్థానికి బాధ్యత వహించాలన్నది వాటి సారాంశం. కానీ నిబంధన కాగితం మీద ఉంటుంది, పాత ల్యాప్‌టాప్ తూకానికి కబాడీవాలా తోపుడుబండి మీద వెళుతుంది.

ఆ బండి రాకను నాలుగేళ్లో ఐదేళ్లో వాయిదా వేసేది నెహ్రూ ప్లేస్‌లోని ఈ చిన్న చికిత్సే. దాని విలువను విద్యార్థి మిగుల్చుకునే డబ్బుతో మాత్రమే లెక్కించకూడదు. అయితే ఈ వాయిదాకు కొత్త అడ్డంకులు వచ్చాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. డీవీడీ డ్రైవ్‌లున్న కాలపు ల్యాప్‌టాప్‌లలో అత్యధిక భాగం విండోస్ 11 పెట్టే అర్హత పరీక్షలో నెగ్గవు. ఎస్ఎస్‌డీతో వేగం వచ్చినా భద్రతా సవరణలు రాని యంత్రంతో బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు. వాటికి మిగిలిన దారి లినక్స్. ఎస్ఎస్‌డీ మీద పడితే పదేళ్ల నాటి ప్రాసెసర్‌తో కూడా అది హాయిగా నడుస్తుంది, తెలుగులో రాయడానికీ చదవడానికీ ఏ ఇబ్బందీ లేదు. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగువాళ్ల మధ్య ఈ మాటే ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నాయి.

రెండో అడ్డంకి ఇంకా పెద్దది. కొత్త పలచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో రెండో డ్రైవ్‌కు చోటే లేదు. కొన్నింటిలో ర్యామ్‌ను, మరికొన్నింటిలో ఎస్ఎస్‌డీని కూడా మదర్‌బోర్డుకు టంకం వేసి అతికించేస్తున్నారు. నెహ్రూ ప్లేస్ మెకానిక్కు ఎంత నేర్పరి అయినా అక్కడ స్క్రూడ్రైవర్‌కు పని లేదు. కొన్నరోజు ఎంత చోటుందో చివరిరోజు దాకా అంతే. బాగుచేసుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఒక కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహనాలు, వ్యవసాయ పరికరాల కంపెనీలు మరమ్మతు వివరాలను వినియోగదారులకు తెలియజేయాలన్నది ఉద్దేశం. మంచిదే. విప్పడానికి మరే లేని వస్తువుకు మరమ్మతు వివరాలు ఎన్ని ఇచ్చినా ప్రయోజనం అంతంతమాత్రం. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు బరువు, రంగు కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ‘ఇందులో డ్రైవ్ మార్చుకోవచ్చా? రెండోది పెట్టుకోవడానికి చోటుందా?’ పది మంది కొనుగోలుదారులు ఈ ప్రశ్న అడిగితే అమ్మేవాడు సమాధానం వెతుక్కుంటాడు. లక్షమంది అడిగితే తయారుచేసేవాడే వెతుక్కుంటాడు.

సాయంత్రం అయ్యేసరికి నెహ్రూ ప్లేస్ ఆవరణలో జనం ఇంకా చిక్కబడతారు. ఆఫీసుల నుంచి దిగివచ్చేవారు, మెట్రోకు పరుగెత్తేవారు, చివరి బేరం కోసం గొంతు పెంచే చిల్లర వ్యాపారులు. దుకాణాల్లో షట్టర్లు సగం దించి రోజు లెక్క చూసుకుంటారు. ఇవాళ ఒక్కరూ అడగని పెట్టెలు మళ్లీ భుజాలకెక్కి పై అంతస్తు గోదాముకు వెళతాయి. రేపు అడుగుతారనుకున్నవి కిందికి దిగుతాయి. ఆ సర్దుబాటు కుర్రాడికి వదిలేసే పని కాదు. దుకాణం యజమాని కౌంటరు దగ్గర నిలబడి, ఏది దగ్గరుండాలో ఏది దూరం పోవాలో వేలు పెట్టి చూపిస్తాడు.